కొత్త ఫోన్ ప్రకటించారు, ఇంకా రాలేదు: ఆగాలా, ఉన్నది కొనేయాలా తేల్చుకోవడం ఎలా?

నేను కోవూరులో ఉంటాను. పక్కనే పాటూరులో మగ్గాల మీద నేసిన చీరలు తెచ్చి ఫోన్లోనే అమ్ముతాను. నాకు కొట్టు లేదు. వాట్సాప్‌లో ఫొటోలు పెడతాను. అడిగినవాళ్లకు వీడియో కాల్ చేసి కొంగు, అంచు, చీర వెనకవైపు చూపిస్తాను. నచ్చితే నెల్లూరు వెళ్లి కొరియర్ వేస్తాను. ఫోనే నా కొట్టు, దాని కెమెరాయే నా షోకేసు.

పోయినేడు ఫిబ్రవరిలో ఆ కొట్టుకు తాళం పడినంత పనైంది. కెమెరా మీది అద్దం చిట్లింది. మధ్యాహ్నం రెండింటికల్లా చార్జింగ్ అయిపోయేది. వీడియో కాల్ పది నిమిషాలు దాటితే ఫోన్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కేది. కొత్తది కొందామని డబ్బు పక్కన పెట్టుకున్న వారంలోనే ఒక పెద్ద కంపెనీ ఎక్కడో విదేశంలో కొత్త ఫోన్ ప్రకటించింది. రంగులు ఉన్నవి ఉన్నట్టు తీస్తుందన్నారు. నాకు కావలసింది సరిగ్గా అదే. వార్త చివర "ఇండియాలో త్వరలో" అని ఒక ముక్క ఉంది. "అత్తా, ఇప్పుడు వేరేది కొంటే నష్టపోతావు, కొన్నాళ్లు ఆగు" అని మా మేనల్లుడు కూడా చెప్పాడు. ఆగాను.

ఉగాది వెళ్లింది. మామిడికాయల కాలం వచ్చి వెళ్లింది. ఆషాఢం వచ్చింది. చీరలు అమ్మేవాళ్లకు ఏడాది మొత్తం ఒక ఎత్తు, శ్రావణం ఒక ఎత్తు. ఆ ఫోన్ మా పిన్ కోడ్‌కు డెలివరీ చూపించేసరికి వరలక్ష్మీ వ్రతం దాటి పన్నెండు రోజులు. ఈలోపు మెరూన్ చీరలు ఫొటోలో ఎర్రగా పడి రెండు వెనక్కి వచ్చాయి. పదకొండు చీరలు బీరువాలో మిగిలిపోయాయి. నేసినవాళ్లకు డబ్బు నేను ముందే ఇచ్చేశాను.

ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. పాటూరులో మగ్గానికి పడుగు ఎక్కించిన మనిషి చీర ఏ రోజు ఇస్తాడో నాకు చెప్తాడు. వాన పట్టి నూలు ఆరకపోతే నాలుగు రోజులు అటూ ఇటూ అవుతుంది, ఆ సంగతి కూడా ఫోన్ చేసి చెప్తాడు. వేల కోట్ల కంపెనీ "త్వరలో" అని ఊరుకుంటే ఎట్లా? అయితే కోప్పడి కూర్చుంటే వచ్చే శ్రావణం కూడా పోతుంది. అందుకే ఆ తర్వాత నాకు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫోన్ మీద బతుకు ఆధారపడిన ఎవరికైనా ఇది పనికొస్తుందని రాస్తున్నాను. ఫొటోగ్రాఫర్లకు, ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పేవాళ్లకు, రొయ్యల గుంటల దగ్గర లెక్కలన్నీ ఫోన్లోనే చూసుకునేవాళ్లకు అందరికీ.

వార్తలో ఏ మాట రాశారో ముందు చూడండి

"వచ్చేసింది" అని చెప్పే వీడియోలన్నీ ఒకే సంగతి చెప్పడం లేదు. లీక్ అంటే కంపెనీ ఇంకా నోరు విప్పలేదు. టీజర్ అంటే బొమ్మ చూపించి ఊరించడం. ప్రకటన అంటే వేదిక మీద ఫోన్ ఎత్తి చూపించడం. ఆ తర్వాత ప్రీబుకింగ్, ఫస్ట్ సేల్, చివరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే ఓపెన్ సేల్. మనకు పనికొచ్చేవి ఆ చివరి రెండు తేదీలే. "లాంచ్" అనే మాటను ప్రకటనకూ వాడుతున్నారు, అమ్మకానికీ వాడుతున్నారు. నేను దెబ్బతిన్నది ఆ మాట దగ్గరే.

ఏ దేశంలో లాంచ్ అయిందో కూడా చూడాలి. చైనా కంపెనీల పెద్ద ఫోన్లు చాలావరకు ముందు వాళ్ల దేశంలో వస్తాయి, తర్వాత మిగతా ప్రపంచానికి, మనకు. షావోమీ 15నే తీసుకోండి. చైనాలో 2024 అక్టోబర్ 29న ప్రకటించారు. బార్సిలోనాలో 2025 మార్చి 2న మళ్లీ ప్రకటించారు. ఇండియాలో మార్చి 11న ఇంకోసారి ప్రకటించి, అమ్మకం ఏప్రిల్ 3న మొదలుపెట్టారు. మొదటి ప్రకటన నుంచి 156 రోజులు. పైగా చైనా ఫోన్లో బ్యాటరీ 5400 ఎంఏహెచ్ ఉంటే మనకొచ్చినదాంట్లో 5240. తేడా చిన్నదే కావచ్చు, కానీ ఐదు నెలలు ఏ ఫోన్ రివ్యూలు చూస్తూ కూర్చున్నామో అచ్చంగా ఆ ఫోనే మన చేతికి వస్తుందనుకోకూడదని దీంతో తెలుస్తుంది.

పేరు కూడా మారిపోవచ్చు. చైనాలో 2024 జనవరి 4న వన్‌ప్లస్ ఏస్ 3 పేరుతో వచ్చిన ఫోనే అదే నెల 23న ఇక్కడ 12ఆర్ అయింది. ఈ సంగతి తెలియనివాళ్లు ఇక్కడికి వచ్చేసిన ఫోన్ కోసమే ఇంకా ఎదురుచూస్తుంటారు.

నేను ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏ ఫోన్ మీదైనా మనసు పడితే మూడు సంగతులు రాస్తాను: ఎక్కడ ప్రకటించారు, ఇండియాలో అమ్మకం తేదీ చెప్పారా, ఇండియా ధర చెప్పారా. చివరి రెండూ ఖాళీగా ఉంటే ఆ ఫోన్ నా వరకు లేనట్టే.

పాత మోడళ్లకు ఎన్ని రోజులు పట్టిందో లెక్కేయండి

రాబోయే ఫోన్ గురించి కంపెనీ చెప్పకపోవచ్చు. కానీ వచ్చిన ఫోన్ల తేదీలు దాచలేదు. అదే వరసలో వెనకటి రెండు మూడు మోడళ్లు తీసుకుని, మొదటి ప్రకటన రోజుకూ ఇండియా అమ్మకం రోజుకూ మధ్య రోజులు లెక్కపెట్టండి. వన్‌ప్లస్ 12 చైనాలో 2023 డిసెంబర్ 5న, మన దగ్గర అమ్మకం 2024 జనవరి 30న. 56 రోజులు. వన్‌ప్లస్ 13 అక్కడ 2024 అక్టోబర్ 31న, ఇక్కడ అమ్మకం 2025 జనవరి 10న. 71 రోజులు. వన్‌ప్లస్ 15 అక్కడ 2025 అక్టోబర్ 27న, ఇక్కడ నవంబర్ 13న. 17 రోజులే.

గూగుల్ చవక ఫోన్లలోనూ ఇదే కనిపిస్తుంది. పిక్సెల్ 4ఏ 2020 ఆగస్టు 3న ప్రకటిస్తే మనవాళ్లకు అక్టోబర్ మధ్యలో దొరికింది. 6ఏ 2022 మే 11న ప్రకటించి జూలై 28న అమ్మారు. 7ఏ మాత్రం 2023 మే 10న ప్రకటించి మర్నాడే అమ్మకానికి పెట్టారు. మొదటి ఐఫోన్ 2007లో వచ్చినా, మన దేశంలో ఐఫోన్‌ను అధికారికంగా అమ్మింది 2008 ఆగస్టు 22న, అదీ తర్వాతి మోడల్ 3జీని. ఐఫోన్ 15 వచ్చేసరికి 2023 సెప్టెంబర్ 22న అమెరికాతో పాటే మనకూ ఇచ్చారు. కాబట్టి అన్ని కంపెనీలనూ ఒకే గాటన కట్టొద్దు. కొందరి దగ్గర రెండు వారాలు ఆగడంలో తప్పులేదు, ఇంకొందరి దగ్గర ఐదు నెలలు పడుతుంది.

లెక్కలో వచ్చిన వాటిలో ఎక్కువ రోజుల సంఖ్యే తీసుకుంటాను. దాని మీద ఇంకో పదిహేను రోజులు కలుపుతాను. ఫస్ట్ సేల్‌లో సరుకు నిమిషాల్లో అయిపోతుంది, మనలాంటి ఊళ్లకు డెలివరీ తేదీ వారం తర్వాత చూపిస్తుంది. ఆ పదిహేను రోజులూ అందుకు.

అసలు రాని ఫోన్లు కూడా ఉంటాయి. 2019 అక్టోబర్ 15న ప్రకటించిన పిక్సెల్ 4 ఇండియాకు రానేలేదు. చెయ్యి ఊపితే గుర్తుపట్టే రాడార్ ఒకటి దాంట్లో పెట్టారు, అది వాడే 60 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన దగ్గర అనుమతి లేదు. ప్రకటనలో "ఇండియా" అనే మాట వినపడకపోతే ఆ ఫోన్ ఊసు అక్కడితో వదిలేయండి.

ఆలస్యానికి కారణం ఏమిటో కనుక్కోండి

కారణాన్ని బట్టి ఎంత ఆగొచ్చో తెలుస్తుంది. కొన్ని అనుమతుల వల్ల. మొదటి ఐఫోన్‌ను స్టీవ్ జాబ్స్ 2007 జనవరి 9న చూపించారు, అమ్మకం జూన్ 29న. అమెరికా ప్రభుత్వ అనుమతికి కాగితాలు పెడితే ఫోన్ సంగతి ఎలాగూ బయటపడుతుందని ముందే చెప్పేశారు. మన దేశంలో ఫోన్ అమ్మాలంటే బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. చార్జర్‌కూ, బ్యాటరీకీ కూడా ఉండాలి. రేడియో తరంగాల విభాగం అనుమతి వేరే. ఒక ఫోన్ మోడల్ నంబర్ బీఐఎస్ జాబితాలో కనబడిందని వార్త వస్తే అది మన దేశానికి వచ్చే అవకాశం ఉందని అర్థం. తేదీ మాత్రం అందులో ఉండదు.

విడిభాగాలు దొరక్క కూడా ఆగుతాయి. జియోఫోన్ నెక్స్ట్‌ను 2021 జూన్ 24న ప్రకటించి సెప్టెంబర్ 10న వినాయక చవితికి ఇస్తామన్నారు. చిప్‌ల కొరత అని దీపావళికి మార్చారు, నవంబర్ 4న వచ్చింది. ఆలస్యమే, కానీ కారణం చెప్పారు, కొత్త గడువు చెప్పారు. ఇలాంటి చోట ఆగొచ్చు.

లోపం బయటపడి ఆగినవి ఇంకో రకం. 2019లో సామ్‌సంగ్ మడతపెట్టే గెలాక్సీ ఫోల్డ్‌ను ఏప్రిల్ 26న అమ్మాల్సింది. రివ్యూ చేసేవాళ్ల చేతుల్లోనే తెరలు పాడవడంతో ఆపి, సరిచేసి, సెప్టెంబర్‌లో కొరియాలో, అక్టోబర్‌లో మన దగ్గర విడుదల చేశారు. లక్షన్నర పైన పెట్టి కొనేవాళ్లకు ఆ ఆలస్యం మేలే చేసింది. నేనైతే దాన్ని తప్పుపట్టను.

తప్పుపట్టేది ఇలాంటివాటిని: తెల్ల రంగు ఐఫోన్ 4. 2010 జూన్ 7న నల్లదానితో పాటే ప్రకటించారు. జూలైలో అన్నారు, తర్వాత ఏడాది చివర అన్నారు, ఆ తర్వాత వచ్చే ఏడాది వసంతంలో అన్నారు. చివరికి 2011 ఏప్రిల్ 28న అమ్మారు. మొత్తం 325 రోజులు. ఆ రంగు మీద మనసు పడి ఆగినవాళ్లకు అప్పటికి తర్వాతి మోడల్ ఇంకో ఆరు నెలల దూరంలోనే ఉంది. అందుకే నా నోట్‌బుక్‌లో ఒక నియమం రాసుకున్నాను: తేదీ ఒకసారి వాయిదా పడితే ఆగుతాను. రెండోసారి పడితే ఆ పేజీ కొట్టేస్తాను.

గడువు మన పనిని బట్టి పెట్టుకోవాలి

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. నేను పోయినేడు చేసిన పెద్ద తప్పు, "ఆ ఫోన్ ఎప్పుడొస్తుంది?" అని రోజూ అడుగుతూ, "నాకు ఫోన్ ఎప్పటికి కావాలి?" అని ఒక్కసారీ అడుక్కోకపోవడం.

ఇప్పుడు వెనక నుంచి లెక్కేస్తాను. శ్రావణం మొదటి శుక్రవారానికి చీరలు జనం చేతిలో ఉండాలి. అంటే ఆషాఢం మొదలయ్యేసరికే ఫొటోలు వెళ్లిపోవాలి. ఫొటోలు వెళ్లాలంటే కొత్త ఫోన్ చేతికి అలవాటు కావాలి, కెమెరా ఏ వెలుతుర్లో ఏ రంగు ఎట్లా చూపిస్తుందో తెలియాలి. దానికి కనీసం పది రోజులు. పాత ఫోన్లోని నంబర్లు, కేటలాగ్, ఎవరెవరు ఎంత బాకీ అన్న లెక్కలు మార్చుకోవడానికి ఇంకో రెండు మూడు రోజులు. అన్నీ కలిపితే జ్యేష్ఠ పౌర్ణమి దగ్గర తేలింది. ఏరువాక పున్నమి. ఆ రోజుకు శ్రావణం నెలన్నర దూరం. అదే నా గడువు. ఆ రోజు సాయంత్రానికి నేను కోరుకున్న ఫోన్ కొట్టులో లేకపోతే, కొట్టులో ఉన్నవాటిలో మంచిది కొంటాను.

మీ గడువు మీ పనిలో ఉంటుంది. పెళ్లిళ్ల ఫొటోలు తీసేవాళ్లకు ముహూర్తాల ముందు, పొగాకు రైతుకు వేలం కేంద్రాలు తెరిచే ముందు, పిల్లల్ని హాస్టల్‌కు పంపేవాళ్లకు కాలేజీ తెరిచే ముందు. ఆ తేదీ ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. నేను మా మేనల్లుడికి చెప్పాను, ఎందుకంటే "ఇంకో పది రోజులాగు అత్తా" అనేది వాడే. ఇప్పుడు వాడే నాకు గుర్తు చేస్తాడు.

ఆగే రోజుల్లో పాత ఫోన్‌ను బాగుచేయించుకోండి

"కొత్తది వస్తోంది కదా, దీని మీద డబ్బెందుకు తగలేయడం" అనుకుని నేను ఐదు నెలలు చిట్లిన అద్దంతో ఫొటోలు తీశాను. చివరికి ఆషాఢంలో నెల్లూరు వెళ్లి బాగుచేయిస్తే కెమెరా మీది అద్దానికి 350, కొత్త బ్యాటరీకి 1,400 తీసుకున్నారు. ముప్పావు గంట పని. ఆ 1,750 రూపాయలు ఫిబ్రవరిలోనే పెట్టి ఉంటే రెండు చీరలు వెనక్కి వచ్చేవి కావు, ఒక టీచరమ్మ నా దగ్గర కొనడం మానేసేవారు కాదు. ఆవిడ మూడేళ్లుగా కొంటున్నారు. "రంగు ఒకటి చూపించి ఒకటి పంపావు" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆగాలని నిర్ణయించుకున్న రోజే పాత ఫోన్‌ను రిపేరుకు తీసుకెళ్లండి. బ్యాటరీ, చార్జింగ్ పెట్టే రంధ్రం, కెమెరా అద్దం ఈ మూడూ చూపించండి. తెర మార్చడానికి ఖర్చు ఎక్కువ, అది పోతే మాత్రం ఆగడం దండగ, కొత్తది కొనేయండి. అక్కర్లేని వీడియోలు తీసేసి మెమరీలో కాస్త ఖాళీ ఉంచండి. వాట్సాప్ బ్యాకప్ పెట్టుకోండి. పాత ఫోన్ మధ్యలో పూర్తిగా ఆగిపోతే పోయేది ఫోన్ ఒక్కటే కాదు.

చీరలు, నగలు, బట్టలు అమ్మేవాళ్లకు ఇంకో మాట. పాత కెమెరాతోనే రంగులు చాలావరకు నిజంగా చూపించవచ్చు. నేను శ్రావణం సగం అయ్యాక నేర్చుకున్నాను. ట్యూబ్‌లైట్ కింద తీయను. పొద్దున ఏడు, తొమ్మిది మధ్య వరండాలో, ఎండ నేరుగా పడని చోట తీస్తాను. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెడతాను. ఫొటోలో ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే రంగు తప్పుతోందని తెలుస్తుంది, ఎడిటింగ్‌లో కాగితం తెల్లబడేదాకా సరిచేస్తాను. ఫొటో కింద రంగును మన మాటల్లో రాస్తాను. "గ్రీన్" అని రాయను, చిలకపచ్చా, నెమలికంఠమా, మామిడిపిందె రంగా చెప్తాను. వంగపండు రంగుకు, మెరూన్‌కు తేడా ఫొటో చెప్పలేకపోయినా ఆ మాట చెప్తుంది. ఇది మొదలుపెట్టాక రంగు తేడా అని ఒక్క చీర కూడా తిరిగి రాలేదు.

ఆగితే మిగిలేది ఎంత, పోయేది ఎంత

కొత్త మోడల్ వస్తే పాత మోడల్ ధర తగ్గుతుందన్న మాట నిజమే. కానీ మన చేతిలోని పాత ఫోన్ విలువ కూడా అదే వేగంతో తగ్గుతుంది. నా ఫోన్‌కు ఎక్స్చేంజ్‌లో ఫిబ్రవరిలో 6,200 చూపించారు, ఆగస్టులో 3,900. ఆగస్టులో వచ్చిన బ్యాంకు ఆఫర్ రెండు వేలు. ఆగినందుకు అక్కడే మూడు వందలు పోయింది, చీరల నష్టం లెక్కేయకుండానే.

డాలర్లలోనో యువాన్లలోనో చెప్పిన ధరను రూపాయల్లోకి మార్చి ఆశపడొద్దు. అమెరికాలో చెప్పే ధరలో అక్కడి పన్ను కలవదు. మన దగ్గర ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం, అది ధరలో కలిసే ఉంటుంది.

అప్‌డేట్ల సంగతి చాలామంది పట్టించుకోరు. "ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తాం" అంటే మనం కొన్న రోజు నుంచి ఏడేళ్లు కాదు. ఉదాహరణకు పిక్సెల్ ఫోన్లకు గూగుల్ ఆ లెక్కను అమెరికాలో తన స్టోర్‌లో అమ్మకం మొదలైన రోజు నుంచి వేస్తుంది. ఇలా లెక్కేసే ఫోన్ మన దగ్గరికి ఐదు నెలలు ఆలస్యంగా వస్తే దాని ఆయుష్షులో ఐదు నెలలు డబ్బు కట్టకముందే ఖర్చయినట్టు. ఏడేళ్లిచ్చే ఫోన్‌కు అది పెద్ద లెక్క కాకపోవచ్చు. రెండు మూడేళ్లే ఇచ్చే చవక ఫోన్‌కు చాలా ఎక్కువ.

అమ్మకం తేదీ లేని ఫోన్‌కు అడ్వాన్స్ కట్టొద్దు

2016 ఫిబ్రవరిలో 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అని ప్రకటన వచ్చింది, గుర్తుందా? జనం ఎగబడితే వెబ్‌సైటే ఆగిపోయింది. బుక్ చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ ఫోన్ చూడనేలేదు. ధర పెద్దదైనా చిన్నదైనా, ఇచ్చే తేదీ లేని చోట మన డబ్బు ఉండకూడదు.

మా వీధిలో ఒకావిడ, రాబోయే ఫోన్ కోసం ఒక కొట్టులో రెండు వేలు అడ్వాన్స్ ఇచ్చింది. చీటీ మీద ఫోన్ పేరు లేదు, తేదీ లేదు, ఉన్నది ఒక సంతకం మాత్రమే. ఫోన్ రాకపోతే "వేరే మోడల్ తీసుకోండమ్మా" అన్నారు తప్ప డబ్బు వెనక్కి ఇవ్వలేదు. అడ్వాన్స్ ఇవ్వక తప్పదనుకుంటే చీటీ మీద మోడల్, స్టోరేజీ, రంగు, ధర, ఇచ్చే తేదీ, ఆ తేదీకి రాకపోతే మొత్తం తిరిగిస్తామన్న మాట, అన్నీ రాయించుకోండి. నగదు కాకుండా యూపీఐలో కట్టండి, దాఖలా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు ఇరుక్కుంటే ముందు ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. బెంగళూరుకో ఢిల్లీకో తిరగాలేమోనని భయపడి డబ్బు వదులుకోకండి.

అమ్మకం రోజు

"నోటిఫై మీ" నొక్కితే ఫోన్ మన పేరున పక్కన పెట్టినట్టు కాదు, ఒక మెసేజ్ వస్తుంది, అంతే. ముందు రోజే లాగిన్ అయి అడ్రస్, పిన్ కోడ్, కార్డు సరిచూసుకోండి. ఫస్ట్ సేల్‌లో దొరకలేదని రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి బయట కొనొద్దు. డెలివరీ వచ్చాక బాక్సు తెరిచేటప్పుడు వీడియో తీయండి. *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్, బాక్సు మీది నంబర్‌తో కలుస్తుందో లేదో చూడండి. ఇంగ్లీషులో కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెల నంబర్ వేసి 14422కు మెసేజ్ పెడితే ఆ నంబర్ ఏ మోడల్‌దో చెప్తారు.

నేను కొన్నది చివరికి ఆ ఎదురుచూసిన ఫోన్ కాదు. భాద్రపదంలో ఒక మెరూన్ చీర, ఒక నెమలికంఠం చీర సంచిలో పెట్టుకుని నెల్లూరు ట్రంక్ రోడ్డు మీదికి వెళ్లాను. కొట్టు గుమ్మం దగ్గర వెలుతుర్లో ఆ రెండు చీరలనూ నాలుగు ఫోన్లతో ఫొటో తీశాను. కొట్టులో అబ్బాయి ఓపికగా ఒక్కో ఫోన్ తీసిచ్చాడు. నాలుగింటిలో అంతకుముందు ఏడాది మోడల్ ఒకటి మెరూన్‌ను మెరూన్‌గానే చూపించింది. అదే కొన్నాను. మీరూ రివ్యూలు ఎన్ని చూసినా, మీరు రోజూ ఫొటో తీసే వస్తువేదో దాన్ని కొట్టుకు తీసుకెళ్లి తీసి చూడండి.

పాత ఫోన్‌ను 3,900కు ఇవ్వబుద్ధి కాలేదు. కొత్త బ్యాటరీతో బాగానే పనిచేస్తోంది. పాటూరులో నాకు చీరలు నేసే ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఉంది, దాన్ని ఆ పిల్లకు ఇచ్చాను. చీర ఇంకా మగ్గం మీద ఉండగానే పొద్దున వెలుతుర్లో తెల్ల కాగితం పక్కన పెట్టి ఫొటో పంపుతోంది. మొన్న అట్లా పంపిన కనకాంబరం రంగు చీర నేత పూర్తికాకముందే అమ్ముడుపోయింది.